కొరడా దొర కాపలా

వంశధార సముద్రంలో కలిసే చోట, మా ఊరి చివర పాతకాలం తెల్లదొరల సమాధులున్నాయి. వాటిలో ఒక దొరకి చచ్చినా కోపం చావలేదని, లోపలికెళ్ళినవాడి వీపు కొరడాతో చీరేస్తాడని ఊరంతా చెప్పుకునేది. తుఫానుకి జంకని మొనగాళ్ళు కూడా ఆ సమాధుల చుట్టూ ఉన్న గోడ పక్కన గొంతు తగ్గించేవారు.

మా పిన్ని మాత్రం పొద్దున్నే గంపతో లోపలికి పోయి, సమాధుల రాతిపలకల మీద నెత్తళ్ళు ఎండబెట్టేది. ఇసుక అంటదు, రాయి కాగితే చేప తొందరగా ఎండుతుంది. చిన్నాన్న చేపల వేట నుంచి వచ్చి, తాగి, ఆమెను వెతుక్కుంటూ గోడ దాకా వచ్చేవాడు. అవతలే నిలబడి బూతులు తిట్టి వెళ్ళిపోయేవాడు. ఆ మత్తు దిగాకే ఆమె ఇల్లు చేరేది. ఇంట్లో ఆయన కొడుతుంటే ఒక్కరూ అడ్డు వచ్చేవారు కాదు. మొగుడూపెళ్ళాల గొడవ, మనకెందుకులే అనుకునేవారు.

"నీకు బయ్యం నేదేటి పిన్నీ?" అని అడిగానొకసారి.

"దొర నన్నొక్కపాలీ కొట్టనేదమ్మా. మీ సిన్నాన్నని ఆపినోడు ఈ ఊర్లో ఆడొక్కడే," అంది.

మొన్నామధ్య మూఢనమ్మకాలు పోగొట్టడానికి పట్నం నుంచి కొందరొచ్చారు. మంచివాళ్ళే. అందరి ముందూ సమాధుల మీద కూర్చుని ఉప్మా తిన్నారు, ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. "ఏడీ మీ దొర? రమ్మనండి!" అన్నారు. ఊరు చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది చిన్నాన్నే. దెయ్యం లేదన్నది నిజమే, నేనూ ఒప్పుకుంటాను. చప్పట్లు కొట్టే ఆ చేతులు ఇంట్లో ఏం చేస్తాయో మాత్రం వాళ్ళెవరూ అడగలేదు. వ్యాను ఎక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం పిన్ని చేపలు తిరగేస్తుంటే, చిన్నాన్న గోడ దాటి లోపలికి వచ్చేశాడు.

ఆసుపత్రిలో నర్సు ఆమె చేతికి కట్టు కడుతూ, ఎవరు కొట్టారని అడిగింది. చిన్నాన్న మంచం పక్కనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయి నోరు తెరవబోతే, పిన్ని రెండో చేత్తో నా మణికట్టు నొక్కి పట్టుకుంది.

"కొరడా దొర కొట్టినాడమ్మా," అంది.

నర్సు ఫక్కున నవ్వింది. "ఇంకా దొరేటమ్మా? దెయ్యం నేదని వీడియో కూడా వచ్చీసింది కదా!" అంటూ పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.