నా గ్రాఫులో ఎలుకలు మాయం

సికింద్రాబాద్‌లో ఒక ఫార్మసీ కాలేజీలో నేను పరిశోధన చేస్తున్నప్పటి మాట. బీపీ పెరిగిన ఎలుకలకు ద్రాక్షగింజల సారం పట్టించి, రోజూ వాటి తోకకు చిన్న పట్టీ చుట్టి బీపీ చూసేదాన్ని. తగ్గింది! ఆ గ్రాఫును కాలేజీ ప్రదర్శనలో పెడితే, వచ్చినవాళ్లంతా ఫొటోలు తీసుకున్నారు.

కొన్నాళ్లకు పద్మారావు నగర్‌లో ఉండే మా మేనత్త కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో బీపీ చూసి డాక్టరే కంగారుపడ్డారు. నెలరోజులుగా బీపీ మాత్రలు మానేసి, ఏదో ద్రాక్షగింజల యాంటీఆక్సిడెంట్ పొడి నీళ్లలో కలుపుకుని తాగుతోందట. ఆ డబ్బా తిప్పి చూస్తే, దాని మీద నా గ్రాఫే! అడుగున నేను రాసిన "ఎలుకల్లో" అన్న మాటను మాత్రం కత్తిరించేశారు.

అత్తయ్య గండం గడిచాక, డబ్బా పట్టుకుని ఆ పొడి తయారుచేసి అమ్మే దుకాణానికి వెళ్లాను.

"ఎలుకలైతేంది మేడం? బీపీ తగ్గింది కదా! గింత పరేషాన్ అయితరేంది?" అన్నాడు యజమాని తాపీగా.

నాకు ఒళ్లు మండిపోయింది. "మా ఎలుకలకు రోజూ బీపీ చూడడానికి నేనున్నాను. మా అత్తయ్యకు నువ్వు ఒక్కరోజైనా చూశావా?" అని నలుగురిలో కడిగేశాను.

ఇప్పుడు ఏ గ్రాఫు గీసినా "ఎలుకల్లో" అన్న మాటను అడుగున రాయను. సరిగ్గా గీత మీదే రాస్తాను. కత్తిరిస్తే గీత కూడా పోవాలి.