ఒక కాలికే చెప్పు

నేను దయ్యాలను నమ్మను. ఇది జరగకముందు నమ్మలేదు, జరిగాక కూడా నమ్మడం లేదు. నర్సంపేటలో ఒక చిన్న ల్యాబ్‌లో పద్నాలుగేళ్ళుగా రక్తపరీక్షలు చేస్తున్నాను. రిపోర్టు మీద ఏమాత్రం అనుమానం వచ్చినా అదే శాంపిల్‌ను రెండోసారి పెట్టి చూస్తాను. కాబట్టి "పాపం, ఏదో భ్రమపడింది" అని జాలి పడదామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు ఆ జాలి అక్కర్లేదు.

మా అమ్మాయి నిత్యకు పదమూడేళ్ళు. జపాన్ బొమ్మల సీరియళ్ళంటే ప్రాణం. కార్టూన్ అంటే ఊరుకోదు, అనిమే అనాలి. పోయిన చలికాలం హన్మకొండలో కొందరు ఇంజనీరింగ్ పిల్లలు కలిసి అనిమే కన్వెన్షన్ పెట్టారు. అక్కడికి వచ్చేవాళ్ళు తమకు ఇష్టమైన పాత్రల్లాగా వేషం కట్టుకుని రావచ్చు. నిత్య నెల రోజులు నా ప్రాణం తోడేసి ఒప్పించింది. దాని డ్రెస్సు రుబీనా కుట్టింది. రుబీనా మా వీధిలోనే టైలర్, నాకు పదేళ్ళ స్నేహితురాలు. తను కుట్టిన డ్రెస్సు స్టేజీ మీద చూడాలని తనూ బయల్దేరింది.

నాలుగో మనిషి మా బాపు. మా నాన్నను అలాగే పిలుస్తాం. వర్ధన్నపేట దగ్గర మా ఊళ్ళో పత్తి, మక్క వేస్తాడు. కంటిలో శుక్లం తీయించుకుని ఇరవై రోజులుగా మా ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కడినీ ఇంట్లో వదిలి వెళ్ళలేక వెంట తీసుకెళ్ళాను. అంతే తప్ప బాపుకు అక్కడ పనేమీ లేదు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. నిత్య ఊదారంగు విగ్గు పెట్టుకుని కూర్చుంది. ముందు సీటులో ఉన్నావిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, చివరికి ఉండబట్టలేక "నాటకమా బిడ్డా?" అని అడిగింది. "కాదు ఆంటీ, కన్వెన్షన్" అంది నిత్య, తల దించకుండా. నాకు భలే ముచ్చటేసింది. ఆ వయసులో నాకు అంత ధైర్యం లేదు.

కన్వెన్షన్ ఒక ఫంక్షన్ హాల్లో. ముందురోజు ఎవరిదో పెళ్ళి అయినట్టుంది, థర్మకోల్ మీద అంటించిన పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పేర్లు ఇంకా తీయలేదు. ఆ పేర్ల కింద అట్టముక్కల కత్తులు పట్టుకుని పిల్లలు ఫోటోలు దిగుతున్నారు. పెళ్ళిభోజనాల గదిలో పోస్టర్లు, కీచైన్లు అమ్ముతున్నారు. మహా అయితే రెండువందల మంది ఉంటారు. బాపును ఒక స్తంభం పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి చాయ్ కప్పు ఇచ్చి, నిత్య పేరు రాయించడానికి నేను బల్ల దగ్గరికి వెళ్ళాను.

అప్పుడు టైము పదకొండున్నర. కిటికీల నిండా ఎండ. చీకటి లేదు, కరెంటు పోలేదు.

తిరిగి వచ్చేసరికి బాపు నల్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. డాక్టరు తీయొద్దన్నాడని నేను గుర్తు చేసేలోపే అన్నాడు. "సరితా, గా పిల్లను సూడు. గది నీ బుక్కుల పిల్ల కాదా?"

ఇక్కడ వరుస ముఖ్యం. ముందు బాపు అన్నాడు. ఆ తర్వాతే నేను చూశాను.

ఆ బుక్కు సంగతి చెప్పాలి. పదో తరగతిలో నా దగ్గర రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఉండేది. స్కూలు నుంచి వచ్చాక పక్కింట్లో టీవీలో జపాన్ బొమ్మల సీరియళ్ళు చూసి, నా సొంత కథ ఒకటి గీసుకునేదాన్ని. స్కూలువాళ్ళు పాలంపేట తీసుకెళ్ళినప్పుడు రామప్ప గుడి గోపురం ఇటుకలు నీళ్ళలో వేస్తే తేలతాయని చెప్పారు. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. చిన్న చిన్న ఎర్ర ఇటుకలను సుతిలితాడుతో గుచ్చి కవచంలా వేసుకునే ఒక పిల్లను గీశాను. ఆ పిల్లను ఎవరూ ముంచలేరు.

మొదటి బొమ్మ గీస్తున్నప్పుడు పెన్ను కక్కి కుడి భుజం మీద సిరా మరక పడింది, మూడు ధారలుగా కారింది. దాన్ని మూడు నీలం ఈకలుగా మార్చాను. ఎడమ కాలికి చెప్పు గీశాక పేజీ అయిపోయింది, కుడి పాదానికి చోటు చాలలేదు. ఏదో ముగించాలని చిన్నగా ఉత్త పాదం గీశాను. ఆ తర్వాత ప్రతి బొమ్మలోనూ అలాగే కొనసాగించాను. ఒక కాలికే చెప్పు.

ఆ బుక్కు నేను ఎవరికీ చూపించలేదు. ప్రీఫైనల్ లెక్కల్లో ఫెయిలయిన రోజు బాపుకు దొరికింది. స్నానానికి నీళ్ళు కాగే పొయ్యి ముందు కూర్చుని, ఒక్కో పేజీ చింపి, చూసి, లోపల పెట్టాడు. ఒక్కటీ వదల్లేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ రోజు నుంచి మళ్ళీ బొమ్మ గీయలేదు. ఇది జరిగి ఇరవై రెండేళ్ళు.

ఇప్పుడు ఆ పిల్ల ఫంక్షన్ హాల్లో టైల్స్ మీద నడుచుకుంటూ వెళ్తోంది.

ఎర్రరంగు వేసిన థర్మకోల్ ఇటుకలు, వాటిని గుచ్చిన సుతిలితాడు. కుడి భుజం మీద నీలం మరక, దాని నుంచి మూడు ఈకలు. రెండు జడలు పైకి మడిచి రిబ్బన్లు. ఎడమ కాలికి తోలు చెప్పు, కుడి కాలు ఉత్తది. బాపు చేతిలోంచి అందుకున్న చాయ్ కప్పు నేనే పడేశానట, రుబీనా తర్వాత చెప్పింది.

దయ్యమని అనుకోలేదు. ఆ అమ్మాయి చేతిలో సగం తిన్న సమోసా ఉంది. మణికట్టు మీద అందరికీ వేసిన ఎంట్రీ ముద్రే ఉంది. పక్కన ఇద్దరు స్నేహితురాళ్ళు. నేను నేరుగా వెళ్ళి అడిగాను, ఇది ఏ పాత్ర అని.

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "అక్కా, మీకు ఎర్కనా? పేరు జెప్పుండ్రి. రెండేండ్ల సంది కనవడ్డోళ్ళనల్లా అడుగుతున్న, ఎవ్వలు చెప్తలేరు."

నేను అడగాల్సిన ప్రశ్న తను అడిగింది. ముందు నీ సంగతి చెప్పమన్నాను.

పేరు హారిక. కామారెడ్డి దగ్గర ఒక ఊరు, డిగ్రీ రెండో సంవత్సరం, పంతొమ్మిదేళ్ళు. వరంగల్ వైపు రావడం అదే మొదటిసారి. ఈ బొమ్మ ఎక్కడ చూసిందో తనకు తెలియదు, చిన్నప్పటి నుంచి గుర్తుంది. టీవీలో చూసి ఉంటాననుకుని వెతుకుతోంది. ఇక్కడైనా గుర్తుపట్టేవాళ్ళు దొరుకుతారని వేషం కట్టుకుని వచ్చింది.

రుబీనాకు ఇదంతా తెలియదు. టైలర్ కదా, ఆ అమ్మాయి భుజం పట్టుకుని బట్ట చూసింది. "అరె, ఇది పెయింట్ కాదు. సిరా పోసినవా?" అంది.

"పెయింట్‌తోని వేస్తే సరిగ వస్తలేదు ఆంటీ. సిరా పోస్తేనే గట్లొచ్చింది" అంది హారిక. తర్వాత కాస్త సంకోచించి నావైపు తిరిగింది. "నవ్వొద్దక్కా. ఈ బొమ్మ యాదికొస్తే నాకు పొగ వాసనొస్తది. కాయితం కాలిన వాసన."

ఒట్టేసి చెబుతున్నాను, కాల్చడం గురించి అప్పటికి మేమెవరమూ ఒక్క మాట అనలేదు.

బాపు ఎప్పుడు లేచి వచ్చాడో నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆ అమ్మాయితో అన్నాడు. "నేనే కాలవెట్టిన బిడ్డా. ఒక్కో కాయితం సూసుకుంట కాలవెట్టిన. తప్పు జేసిన."

ఇరవై రెండేళ్ళలో ఆ మాట నాతో అనలేదు. నా పెళ్ళప్పుడు అనలేదు, నిత్య పుట్టినప్పుడు అనలేదు. పొయ్యిలో మంట ఆరిపోయిన మూడేళ్ళకు పుట్టిన పిల్లతో అన్నాడు. అక్కడ జరిగిన వింత సంగతి పక్కకు పోయింది, నాకు ఒళ్ళు మండిపోయింది.

"గా మాట నాకు చెప్పాలె బాపు" అన్నాను, అందరి ముందే.

బాపు నావైపు తిరిగాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆపరేషన్ కన్నుకు తడి మంచిది కాదని నేనే నల్లద్దాలు అందుకుని పెట్టాను. అప్పుడు కూడా ఆ మాట నాతో అనలేదు. క్షమించానని నేనూ అనలేదు. అక్కడున్న హారికకు సగం అర్థమైంది, సగం కాలేదు. "అక్కా, గయితే పేరు?" అని మెల్లగా అడిగింది.

ఆ పేరు బుక్కులో ఎక్కడా రాయలేదు. బాపుకు కూడా తెలియదు. నా నోటి నుంచి మొదటిసారి బయటికి వచ్చింది.

"తేలు."

"కుట్టే తేలా, నీళ్ళల్ల తేలుడా?"

"రెండూ" అన్నాను.

హారిక పకపకా నవ్వింది. తర్వాత స్టేజీ మీదికి పిలిచినప్పుడు మైకులో గట్టిగా తన పాత్ర పేరు తేలు అని చెప్పింది. ఏ సీరియల్ అని అడిగితే, "ఇంక రాలే" అంది. హాలంతా చప్పట్లు.

ఇంటికి వచ్చాక ఊరుకోలేదు. హారిక వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడాను. మా ఊరితో గానీ, మా బంధువులతో గానీ వాళ్ళకు ఏ సంబంధమూ లేదు. కూతురు ఐదేళ్ళ వయసు నుంచి గోడల మీద ఈ బొమ్మే గీసేదట. "రెండో చెప్పు మర్సిపోయినవేందే అంటే, మర్సిపోలే, లేనే లేదు అనేది" అందావిడ. నిత్య తన ఫోన్లో తీసిన హారిక ఫోటో పెట్టి ఇంటర్నెట్ అంతా వెతికించాను. అలాంటి పాత్ర ఎక్కడా లేదు. ఫోటో కూడా మామూలుగానే వచ్చింది. మసక లేదు, నీడ లేదు. సమోసాతో సహా అన్నీ ఉన్నాయి.

మా ల్యాబ్ డాక్టరు గారు చదువుకున్న మనిషి, నాకు గౌరవం. ఆ అమ్మాయిని చూశాక నా జ్ఞాపకమే ఆ వేషానికి తగ్గట్టు మారిపోయి ఉంటుందన్నారు. మంచి వాదనే. మరి నాకంటే ముందు గుర్తుపట్టిన బాపు సంగతి? ముసలాయన, కంటి ఆపరేషన్ అయినవాడు అన్నారు. అయ్యా, శుక్లం తీశాక బాపు గోడ మీది చీమను కూడా లెక్కపెడుతున్నాడు. పైగా బాపును ఆ సాయంత్రమే విడిగా కూర్చోబెట్టి, బుక్కులో ఏమేమి చూశావో చెప్పమని కాగితం మీద రాసుకున్నాను. నేను అందించకుండానే ఇటుకలు చెప్పాడు, ఈకలు చెప్పాడు, ఉత్త కాలు చెప్పాడు.

నేను ఇంకో పరీక్ష కూడా చేశాను. అది నాకు అనుకూలంగా రాలేదు. అయినా దాచను. ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ పెన్సిల్ పట్టుకుని తేలు కథలో ఒక కొత్త పేజీ గీసి, ఎవరికీ చూపకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను. వారం తర్వాత హారికకు ఫోన్ చేసి, కొత్తగా ఏమైనా గుర్తొచ్చిందా అని అడిగాను. "ఏం రాలేదక్కా" అంది. అలవాటు ప్రకారం మరో పేజీతో రెండోసారి చేశాను. మళ్ళీ అదే జవాబు.

అంటే ఏమిటి? కాలినవే వెళ్ళాయా? వెళ్తే ఎటు నుంచి, ఎలా? అప్పటికి పుట్టని పిల్ల దగ్గరకే ఎందుకు? నాకు తెలియదు. ఎంత ఆలోచించినా ఒక్క అడుగు ముందుకు పడటం లేదు. తెలియదని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కానీ జరగలేదని మాత్రం నా చేత ఎవరూ అనిపించలేరు.

పరీక్ష కోసం గీసిన ఆ రెండు పేజీలతో చేయి ఆగలేదు. ఇప్పుడు ల్యాబ్ నుంచి వచ్చాక రోజూ గీస్తున్నాను, నలభై పేజీలు దాటాయి. బాపు ఊరికి వెళ్ళిపోయాడు. నాకు చెప్పాల్సిన మాట ఇంకా చెప్పలేదు, నేనూ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను.

పోయిన వారం మా పెద్దమ్మ చూడ్డానికి వచ్చింది. సంగతంతా విని గుండెల మీద చేయి వేసుకుంది. నాకు గాలి సోకిందట, ఎవరితోనైనా తాయెత్తు కట్టించుకోవాలట, ముందు ఆ బొమ్మలు గీయడం మానేయాలట. అరగంట సేపు చెబుతూనే ఉంది. సాయంత్రం అవుతోంది. నేను తేలు జడ రిబ్బన్ సగంలో ఉన్నాను.

"సోకితే సోకనీ పెద్దమ్మా" అన్నాను. "జర ఆ లైటెయ్యి, గీత కనవడ్తలేదు."