మూడు కొడితే ఏడు

1986 మే నెలలో మా కంపెనీ నన్ను పుదుచ్చేరికి రెసిడెంట్ ఇంజనీరుగా పంపింది. కంప్యూటర్లు అమ్మిన ఊళ్ళోనే ఉండి వాటి మరమ్మతులు చూసుకునేవాణ్ణి రెసిడెంట్ ఇంజనీరు అనేవారు. ఈ పోస్టింగును ఎవరూ కోరుకోరు. నేనే అడిగి తీసుకున్నాను. నా భార్య శారద అంతకు ముందు ఏడాది పోయింది. మా ఊరు కాకినాడలో ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు నన్ను ఆపి పరామర్శించేవారు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. నటేశన్ నగర్‌లో ఒక గది, హోటల్లో భోజనం, రాత్రి ఏదో ఒక పుస్తకం. కొన్ని రోజులు ఎవరితోనూ తెలుగులో ఒక్క మాటైనా లేకుండానే గడిచిపోయేవి.

నా కింద ఉన్న యంత్రాల్లో ఒకటి ఒక నూలు మిల్లు టైమ్ ఆఫీసులో ఉండేది. కార్మికుల టోకెన్ నంబర్లు, వాళ్ళు పనిచేసిన షిఫ్టులు అందులో ఎక్కించేవారు. ఆ పని వి. కస్తూరి అనే తాత్కాలిక ఉద్యోగినిది. వాళ్ళది తెలుగు కుటుంబమే, మూడు తరాలుగా ఆ ఊళ్ళోనే ఉంది. తండ్రి అదే మిల్లులో స్పిన్నింగ్ ఖాతాలో, అంటే నూలు వడికే విభాగంలో, పనివాడు. ఆమెకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. నా సంచిలో నవల చూసి, "ఏంది సార్ ఇది, మన తెలుగా? ఇట్లా జిలేబీ మాదిరి ఉంటాదా?" అని నవ్వింది.

ఆగస్టులో మిల్లువాళ్ళు పెద్ద హార్డ్ డిస్క్ కొన్నారు. దాన్ని యంత్రం గుర్తించాలంటే ప్రామ్‌లు మార్చాలి. స్విచ్ వేయగానే యంత్రం మొట్టమొదట చదివే ఆదేశాలు ఉండే చిప్‌లు అవి. ఇప్పుడు ఫర్మ్‌వేర్ అంటున్నది వాటిలో ఉన్నదాన్నే. పాతవి ఊడదీసి, కొత్త సెట్టు బిగించి, స్విచ్ వేశాను. తెర మీద కంపెనీ పేరు వచ్చింది. ఒక బీప్ వినిపించింది. అంతే, యంత్రం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పేంత మర్యాద ఆ కాలపు యంత్రాలకు ఉండేది కాదు. పాత సెట్టు పెడితే మామూలుగా లేచింది. కొత్త సెట్టులో లోపమనుకుని మద్రాసు నుంచి ఇంకొకటి తెప్పించాను. అదీ అక్కడే ఆగింది.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ కస్తూరి తన సంగతి చెప్పింది. నెలాఖరు రిపోర్టుల్లో టోకెన్ నంబర్లు తప్పుగా వస్తున్నాయి. ఒకరి షిఫ్టు ఇంకొకరికి పడుతోంది. ఈ నెలతో ఆమెను మానిపించాలని టైమ్ ఆఫీసర్ పైకి రాసేశాడు.

"నేను సరిగ్గానే కొడ్తా సార్. స్క్రీన్‌లో మూడే ఉంటాది, పేపర్‌లో ఏడొస్తాది. ఖాతాలో అందరూ మా నాయన్ని ఎగతాళి చేస్తా ఉండారు. 'ఏం మామా, నేను ఇంట్లో పండుకోనుంటే నీ కూతురు నాకు నైట్ షిఫ్ట్ ఏసేసింది, రా టీ ఇప్పిస్తా' అంటారంట. నా కండ్లకి ఏందో అయిందని అమ్మ డాక్టర్ దగ్గరికి కూడా పిలుచుకోని పోయింది."

"డాక్టర్ ఏమన్నాడు?"

"కండ్లు బాగుండాయి, తూక్కం చాలదు, బాగా నిద్రపో అన్నాడు."

సాయంత్రం మద్రాసుకు ట్రంక్ కాల్ చేశాను. పాత సెట్టే పెట్టేసి యంత్రాన్ని అప్పజెప్పమనీ, డిస్క్ సంగతి తర్వాత చూద్దామనీ మేనేజరు చెప్పాడు. అది తప్పు సలహా కాదు. పాత సెట్టుతో యంత్రం నడుస్తోంది. ఎవరూ ఫిర్యాదు చేయరు. అయినా నేను ఉండిపోయాను. కస్తూరి మీద జాలి వల్ల అని చెప్పుకోవచ్చు గానీ, మొదటి కారణం అది కాదు. గదికి వెళ్ళినా నాకు చేయడానికేమీ లేదు.

కొత్త సెట్టు పాతది చేయనిది ఏం చేస్తోందన్నది ఆలోచించాను. మెమరీ బోర్డు మీద చిప్‌లు వరుసలుగా ఉంటాయి. పాత ప్రామ్‌లు మొదటి వరుసను మాత్రమే పరీక్షించి మిగతావి బాగున్నట్టే తీసుకునేవి. కొత్తవి ప్రతి వరుసలోనూ రాసి, తిరిగి చదివి, తేడా వస్తే ఆగిపోతాయి. ఒక్కో వరుసనూ తీసి చూశాను. మూడో వరుస తీసేయగానే కొత్త సెట్టుతో యంత్రం లేచింది. ఆ వరుసలోని చిప్‌లను ఒక్కొక్కటిగా మార్చి చూస్తే, చెడిపోయినది ఒక్కటేనని తేలింది. మూడుకూ ఏడుకూ యంత్రం లెక్కలో తేడా ఒక్క బిట్టు, అంటే ఒక్క స్విచ్చు. ఆ చిప్‌లో కొన్ని చోట్ల ఆ స్విచ్చు ఎప్పుడూ వేసే ఉంటోంది. తెర మీద కనబడేది కొట్టిన అంకె, కాగితం మీదికి వచ్చేది మెమరీలోంచి తిరిగి చదివిన అంకె. మూడో వరుస దాకా మెమరీ నిండేది నెలాఖరులోనే. అందుకే తప్పులన్నీ నెలాఖరులో వచ్చాయి. ఆమె తొందరపాటే కారణమని అందరూ అనుకున్నారు.

మర్నాడు చెడిన చిప్‌ను మళ్ళీ అక్కడే పెట్టి, పాత సెట్టు బిగించి, టైమ్ ఆఫీసర్‌ను పిలిచాను. ముందు మెమరీని నెలాఖరు లెక్కలతో నింపి, ఆయన్నే కూర్చోబెట్టి మూడు అంకె ఒక్కటే కొడుతూ పొమ్మన్నాను. ఆయన ఒంటివేలితో చాలాసేపు కొట్టాడు. తెర నిండా మూడే. ప్రింటు తీస్తే మధ్య మధ్య ఏడు కనిపించింది. కాగితాన్ని కళ్ళద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశాడు.

"మీరు కూడా ఒకతూరి డాక్టర్ దగ్గరికి పోయి రండి సార్," అంది కస్తూరి తమిళంలో. ఆయన నవ్వలేదు. చిప్‌కు కంపెనీ డబ్బు అడక్కూడదని మాత్రం నాతో అన్నాడు. కస్తూరిని మానిపించాలని రాసిన ఉత్తరాన్ని ఆ వారమే వెనక్కి తీసుకున్నాడు. కొత్త చిప్ వచ్చాక కొత్త సెట్టూ, డిస్కూ రెండూ పనిచేశాయి.

"ఇన్ని దినాలు ఇంట్లో నన్ను తిట్టినారే, ఆ తిట్లన్నీ యాడ వాపస్ ఇచ్చేది సార్?" అని అడిగింది కస్తూరి.

యంత్రం బాగైన ఆ సాయంత్రం గది తాళం తీసి కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. నేను పని నుంచి రాగానే "ఇవాళ ఏం పాడైంది?" అని అడిగేది శారద. చెప్పడానికి ఆ రోజు ఒక మంచి సంగతి ఉంది.

తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కొత్త ఇంజనీర్లకు ఈ కేసు చెప్పేవాణ్ణి. మార్పు చేశాక కనబడిన లోపం ఆ మార్పు వల్లే వచ్చిందని తేల్చేయకూడదు. అంతకుముందు ఎవరూ చూడని చోట కొత్తది చూసి ఉండవచ్చు. పాతదాన్ని తిరిగి పెడితే యంత్రం నడుస్తుంది. నడుస్తున్నంత మాత్రాన అది బాగున్నట్టు కాదు.