సాంచెలు ఆగిన నాళ్లలో సుజాత టీచరు

“పిల్లతోటి ముచ్చట పెట్టు పెద్దమ్మా అంటె వినవేంది?”

“పెట్టేతందుకు నా దగ్గర ఏం ముచ్చట్లున్నయి? ఉల్లిగడ్డలు కోస్తున్న, కనబడ్తలేదా?”

“అదే చెప్పు. ఉల్లిగడ్డ కోస్తున్న అని చెప్పు.”

“జవాబియ్యని పోరికి ఉల్లిగడ్డ కథ చెప్పాల్నా? చూసినోళ్లు నాకు పిచ్చి లేసిందంటరు.”

“అననియ్యి. మీ ఇంట్ల అన్నానికి కరువు లేదు గని మాటలకు కరువున్నది.”

ఇప్పటికీ ఉల్లిగడ్డ ఘాటు ముక్కుకెక్కగానే ఈ కొట్లాట నాకు మొదటి నుంచీ వినబడుతుంది. తానుండే ఎదురు గది గడపలో నిలబడి నన్ను అంత మాట అన్నది సుజాత టీచరు. వయసులో నా కోడలి కన్నా నాలుగేళ్లు పెద్దది, అంతే. మేము ఊరు విడిచి బతకవచ్చిన డిండోలిలో, మా మగ్గం పనివాళ్ల పిల్లలకు ఒక గదిలో బాలవాడి, అంటే పసిపిల్లల బడి, నడిపేది. కరోనా మొదటి ఏడు ఆ గదికి తాళం పడింది. మా గోడవతల సాంచెలు కూడా ఆగిపోయాయి. మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. మాలో చాలామంది ఊళ్లకు నడిచిపోయారు. మేము పోలేదు.

సాంచెలు ఆడుతున్నప్పుడు పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. అందుకని ముప్ఫయ్యేళ్లుగా మా ఇంట్లో అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. బొటనవేలు పెదవికి తాకిస్తే నీళ్లు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది. లేని మీసం దువ్వితే సాంచెల యజమాని సేఠ్ వస్తున్నాడు. నా మనవరాలు నిత్య మూడేళ్లు నిండేసరికి ఈ సైగలన్నీ నేర్చింది. సేఠ్ సైగ చేసి మమ్మల్ని ఉత్తుత్తినే భయపెట్టేది కూడా. ఎంత తెలివైన పిల్ల అని మురిసిపోయాం. పైగా నాకు నూనె, సబ్బు, మాట ఈ మూడూ అక్కరకు మించి వాడితే ప్రాణం ఒప్పదు. చప్పుడు ఆగిపోయాకగాని మాకు తెలియలేదు, ఆ పిల్లకు అమ్మ, దా, వద్దు తప్ప వేరే మాట రాదని.

పిల్లకు చెవుడేమోనని భయపడ్డాను. సుజాత టీచరు మాత్రం నిత్య వీపు వెనుక దూరంగా నిలబడి గాజులు మెల్లగా కదిపింది. పిల్ల చటుక్కున తిరిగి చూసింది. “చెవులు మంచిగున్నయి పెద్దమ్మా. దవాఖాన తెరిచినంక డాక్టరుకు కూడ చూపెట్టుండ్రి. అప్పటిదాంక నువ్వు చేసే పని నువ్వు చేసుకుంటనే దాని పేరు చెప్పు. దీనికి పైస ఖర్చు లేదు.” ఆ చివరి మాట నా కోసమే అన్నది. నన్ను బాగా ఎరిగిన మనిషి.

మొదలుపెట్టడమైతే పెట్టాను గాని నా పద్ధతిలో పెట్టాను. బిస్కెట్ చూపించి, “బిస్కెట్ అను, అప్పుడిస్త” అన్నాను. నిత్య వేళ్లన్నీ కూడదీసి నోటికి చూపింది. నేను ఇవ్వలేదు. మళ్లీ చూపింది. చివరికి గోడ వైపు తిరిగి పడుకుంది. ఇదంతా గడపలోంచి చూసిన సుజాత టీచరు మూతికి కట్టిన బట్ట కిందికి లాగి మరీ తిట్టింది.

“ఆకలితోటి బేరమా? పరీక్ష పెట్టకు పెద్దమ్మా. అది చెయ్యి చూపెడితే నువ్వు మాట చెప్పు, చెప్పి ఇయ్యి. నీళ్లడిగితే నీళ్లు అను. రేపు సల్లటి నీళ్లు అను. అనంగనే ఇంకోటి అందుకోకు, జర ఆగు. దానికి గూడ ఒక సందు ఇయ్యాలె.”

“నాకు పుస్తకం మాటలు రావు బిడ్డా. మూడో తరగతిలనే బడి బందువెట్టిన.”

“పుస్తకం ఎవలడిగిండ్రు? నీ చాటల ఉన్నది చెప్పు.”

చాటలో రేషన్ బియ్యం ఉన్నాయి. ఏరుతూ చెప్పడం మొదలుపెట్టాను. మొదట సిగ్గయింది. ఆ తర్వాత, ఏం చెప్పను, ఊట తగిలినట్టయింది. రాయి, మట్టిబెడ్డ, నూక, తవుడు, పురుగు, మెరిగె. చెరగడం, ఏరడం, కడగడం, వార్చడం. ఇన్ని మాటలు నాలోనే ఉన్నాయని నాకే తెలియదు. మాటలంటే చదువుకున్నవాళ్ల సొత్తనుకునేదాన్ని. రోజూ నిత్య చాటకు అటువైపు కూర్చునేది, నేను చెప్పేదాన్ని, ఆగేదాన్ని. అది చూసేది, అంతే. ఇరవై రోజులో, ఇంకా ఎక్కువో గడిచాయి. ఒక పొద్దున అది బియ్యంలోంచి ఒక గింజ తీసి నా ముక్కు ముందు పెట్టి, “మెలిగె” అంది.

నేను చాట అక్కడే వదిలి గడపలోకి ఉరికాను.

“టీచరూ, మెరిగె అన్నది.”

“మెరిగె అంటే ఏంది పెద్దమ్మా?”

“నీకు తెల్వదా? పొట్టు ఊడని వడ్లగింజ. బియ్యంల కలిసి ఉంటది.”

“నాకు తెల్వదు. నేను పాకెట్ బియ్యం మనిషిని. ఇంకోసారి చెప్పు.” నేను చెప్పాను. ఆమె చిన్నపిల్లలా నా వెంట పలికింది. ఇటు నా వెనకే వచ్చిన నిత్య కూడా పలికింది. ఇద్దరికీ ఒకేసారి పాఠం చెబుతూ నేను ఆ గడపలో ఎంత పొడుగయ్యానో నాకే తెలుసు. ఆ రోజు నుంచి నా నోరు మూతపడలేదు. “అమ్మ పొయ్యితోటి గూడ ముచ్చట పెడ్తున్నది” అని నా కొడుకు నవ్వాడు. నిత్యకు గంటె వచ్చింది, జల్లెడ వచ్చింది, వేడి వచ్చింది, చల్లన వచ్చింది. రోజుకొక కొత్త మాట కోసం నేను పొద్దున్నే ఆత్రంగా లేచేదాన్ని.

అప్పుడే నా కొడుకు కబురు తెచ్చాడు, మర్నాడు సాంచెలు మొదలని. ఇంట్లో అందరికీ పండుగ. నేను ఎదురు గడపకు పోయాను.

“మాట పుట్టిందే మొన్న. రేపటి సంది మళ్ల చేతులే గదా. ఏం జెయ్యాలె?”

సుజాత టీచరు సామాను కట్టుకుంటోంది. బాలవాడి ఇక తెరవరని తేలిపోయి, దూరంగా పర్వత్ పాటియా బజారులో చీరలు మడతపెట్టే పనికి కుదిరింది. చేతిలోని గిన్నెను సంచిలో పెట్టింది.

“నాకు తెల్వదు పెద్దమ్మా. దీనికి నా దగ్గర ఉపాయం లేదు. నువ్వైతే ఆపకు.”

తెలియనిది తెలియదని అంత తేలిగ్గా ఒప్పుకునే చదువుకున్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు. ఇప్పుడు మా వరండాలో ఏ పసిపిల్ల దోగాడుతూ వచ్చినా చాట ముందు కూర్చోబెట్టుకుంటాను. ఒక మాట చెబుతాను. చెప్పి ఆగుతాను. ఆ ఆగడం ఆమె ఇచ్చిందే. నూనె, సబ్బు మాత్రం ఇంకా పొదుపే.

టీచరు ఆపకు అన్న మర్నాడు పొద్దున ఏడింటికి సాంచెలు మొదలయ్యాయి. గోడ అదిరింది. నా కొడుకు గుమ్మంలో నిలబడి బొటనవేలు పెదవికి తాకించాడు. నేను లేవబోతుంటే నిత్య నా కొంగు పట్టి కిందికి గుంజింది. నా చెవిని తన నోటి దగ్గరికి లాక్కుని, “నాయినకు సల్లటి నీళ్లు” అంది. గ్లాసు నింపి దాని చేతికే ఇచ్చాను.