గాలి తలుపు దగ్గర మామయ్య

మొన్న నల్లపాడు స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటే, దూరంగా ఏదో మిల్లు గొట్టంలోంచి ఒక్కసారిగా నల్లటి పొగ లేచింది. పక్కనున్నవారెవరూ తలెత్తి చూడలేదు గాని, అది పలచబడేదాకా నేను మాత్రం కళ్ళు తిప్పుకోలేకపోయాను.

తొంభైల చివర్లో పత్తిగింజల నూనె మిల్లులో నన్ను పనికి పెట్టించింది మా మేనమామే, అక్కడి బాయిలర్ ఆయన చేతికిందే నడిచేది. మంటకు తగినంత గాలిని తనంతట తానే వదిలే ఆటోమేటిక్ పెట్టె ఒకటి అప్పటికే వచ్చి ఉండటంతో, మేము దాని ముందు కుర్చీలేసుకుని, వానల గురించీ చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారి గురించీ మాట్లాడుకుంటూ గడిపేవాళ్ళం.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ పెట్టె పాడైంది. మంటలోకి గాలి వెళ్ళే తలుపు మూసుకుపోతోంది, మండించే ఆయిల్ మాత్రం లోపల పడుతూనే ఉంది, మంట ఎర్రగా మారి గొట్టం నల్లగా పొగ కక్కుతోంది. నేను కంగారుగా తలుపు మొత్తం తెరవబోతే మామయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగరా. ఇప్పుడు గాలి ఒక్కసారే వదిలావంటే లోపల కాలకుండా ఉన్నదంతా పేలుతుంది. ముందు ఆయిల్ తగ్గించు."

తగ్గించాను. ఆయన చేతికి గుడ్డ చుట్టుకుని తలుపు పిడిని కొద్దికొద్దిగా జరపసాగాడు. బాయిలర్ ఆపేద్దామన్నాను, ఆయన వద్దన్నాడు. పక్క షెడ్డులో, నూనె తీసేటప్పుడు గింజల పిండికి పట్టిన, పెట్రోలులా అంటుకునే ద్రావకాన్ని ఆవిరితోనే వెళ్ళగొట్టేవారు. మధ్యలో ఆవిరి ఆగితే అది పిండితోపాటే బయటికి వచ్చేస్తుంది, ఆపైన ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడ పనిచేస్తున్నవాళ్ళలో మా అత్తయ్య కూడా ఉంది.

"షెడ్డులో మిషను ఖాళీ అయ్యేదాకా ఆవిరి నిలబెడదాం. నువ్వు గుమ్మంలో నిలబడి పొగ రంగు చెప్తుండు."

గాలి ఎక్కువైతే మంట ఆరిపోతుంది, తక్కువైతే పొగ కమ్ముతుంది. నేను రంగు చెబుతుంటే, ఆయన అద్దం కంతలోంచి మంటను చూస్తూ రెండు గంటలసేపు పిడి వదలలేదు. ఇనుము కాలుతోందని తెలిసి నేను పట్టుకుంటానంటే, "మంట చూడ్డానికి నీ కన్ను ఇంకా కుదరలేదురా" అన్నాడు.

మిషను ఖాళీ అయిందని షెడ్డులోంచి గంట మోగాక ఆయిల్ కట్టేసి, లోపలంతా తేటపడేదాకా గాలి ఆడించి, అప్పుడు చెయ్యి తీశాడు. గుడ్డతోపాటు అరచేతి చర్మం ఊడివచ్చింది. అత్తయ్య పరుగున వచ్చి ఆ చేతిమీద నీళ్ళు పోస్తూ కూర్చుంది. ఆ వేళ్ళు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు; పోయేదాకా ఆయనకు అన్నం ఆమే కలిపి పెట్టింది.

ఇప్పుడు ఇలాంటిదేదైనా జరిగితే అన్నీ వాటంతటవే సవ్యంగా ఆగిపోయే ఏర్పాట్లున్నాయట. మంచిదే, ఎవరి చెయ్యీ కాలనక్కర్లేదు. ఆ రోజు ఏదైనా పేలి ఉంటే ఊరంతా ఇప్పటికీ చెప్పుకునేది. మామయ్య ఏమీ జరగనివ్వలేదు గనుక, ఆ మధ్యాహ్నం సంగతి అత్తయ్యకూ నాకూ తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.