మూడో గ్లాసు

మా పక్కింటి ఆంటీ పోయిందన్న సంగతి పాలవాడి వల్ల తెలిసింది. ఎంతసేపు పిలిచినా తలుపు తీయడం లేదని మా గేటు దగ్గరికి వచ్చాడు. నాన్న గోడ దాటి వెళ్ళారు. వెనక తలుపు నెట్టి లోపల చూసి, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయారు. నిద్రలోనే గుండె ఆగిందని తర్వాత డాక్టరు చెప్పారు.

పొద్దెక్కేసరికి కాలనీ అంతా ఆ వాకిట్లో ఉంది. అందరూ ఏడుస్తున్నారు. మూలింటి అక్క ఒక్కతే ఏడవలేదు. జనాన్ని తప్పించుకుంటూ నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది.

"బోనాల దావత్‌కు గ్లాసులు ఎవరు కలుపుతరు?"

మా వెనక కూర్చున్న పెద్దావిడ చెవిన పడింది. "శవం లేవకముందే నీకు మందు సంగతేందమ్మా? జెర సిగ్గుండాలె."

ఆ ప్రశ్నకు అర్థం తెలిసినవాళ్ళం ముగ్గురమే. మూడో మనిషి లోపల చాప మీద పడుకుని ఉంది.

మాది సైనిక్‌పురిలో ఒక చిన్న కాలనీ. ఆంటీ పుట్టి పెరిగింది చిలకలగూడలో. భర్త సైన్యంలో పనిచేశారు, నేను పుట్టకముందే పోయారు. ఆయనతో ఊరూరా తిరిగిన రోజుల్లో విందుల్లో మగవాళ్ళకు రమ్ము, ఆడవాళ్ళకు నిమ్మరసం ఇచ్చేవారట. "నిమ్మరసం తాగి తాగి నోరు పులిసిపోయింది బిడ్డా. అందుకే నేనే కలుపుడు షురూ చేసిన," అనేది.

కాలనీలో ఏ వేడుక జరిగినా పార్కులో ఒక పొడవాటి బల్ల ఆమెది. ఎండాకాలంలో అందరూ కలిసే సాయంత్రానికి కాల్చిన మామిడికాయ గుజ్జు, వేయించిన జీలకర్ర, దానికి కాస్త జిన్ను. బోనాలకు నేరేడుపండ్లు పిసికి, నల్లుప్పు చల్లి, వోడ్కా. ఆ ఆదివారం మందు దుకాణాలు మూసేస్తారు కాబట్టి సీసాలు ముందుగానే తెప్పించి బియ్యం డబ్బా వెనక పెట్టుకునేది. డిసెంబరు చలికి బెల్లం, అల్లం, లవంగాలు మరిగించిన నీళ్ళలో రమ్ము. ఇంతకుమించి ఆమెకు విద్యలేమీ లేవు. "కాలానికొచ్చిన పండు ముందల ఉండంగ సీసాల రంగునీళ్ళెందుకు?" అనేది.

ప్రతిదాన్నీ మందు లేకుండా కూడా చేసేది. రంగు అదే, గ్లాసు అదే. తాగనివాళ్ళను ఎందుకు తాగవని ఎవరూ అడగకూడదని.

కొలతకు ఉగ్గుగిన్నె వాడేది. అందులో పట్టేది ఎంతని! కాలనీ సెక్రటరీ అంకుల్ ప్రతిసారీ గొడవకు దిగేవారు.

"ఆంటీ, ఇది పెగ్గా, తీర్థమా?"

"తీర్థమే. కండ్లకద్దుకొని తాగు."

నేను నలుగురిలో మాట్లాడలేను. కాన్వెంటులో అడిగితేనే మాట్లాడాలని నేర్పారు. నేను అడిగినా మాట్లాడని పిల్లనయ్యాను. డిగ్రీ మొదటి ఏడు బోనాల దావత్‌లో పుస్తకం పట్టుకుని చెట్ల వెనక కూర్చుంటే, ఆంటీ వచ్చి నా ఒళ్ళో నేరేడుపండ్ల గిన్నె పెట్టింది. "గింజలు తియ్యి. చేతుల పని ఉన్నోళ్ళను ఎవ్వరూ మాట్లాడమనరు," అంది. ఆ రోజు నుంచి నా చోటు ఆ బల్ల వెనకే. అక్కడ నిలబడి నేను మనుషులను చూడటం నేర్చుకున్నాను. దానికి ఆమెకు ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

ఇక మూలింటి సంగతి. అక్క చదివి సరేనన్నాకే ఇది మీ ముందుకు వస్తోంది. "రాయి, పేరు మాత్రం పెట్టకు," అంది. పెట్టడం లేదు.

మూలింటి అన్న, అంటే అక్క భర్త, పగటిపూట అందరికీ ఇష్టమైన మనిషి. ముసలివాళ్ళ ఇళ్ళకు గ్యాస్ బండ మోసి పెట్టేవాడు. బేగంపేటలో ఆఫీసు నుంచి వస్తూ ఎవరికి ఏ మందుబిళ్ళలు కావాలన్నా తెచ్చేవాడు. ఒక డిసెంబరులో ఆంటీకి జ్వరం వచ్చి బల్ల దగ్గరికి రాలేకపోయింది. ఆ రోజు ఎవరో పోశారు, ఎంతెంతో పోశారు. మర్నాడు అక్క మా గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. ఎడమచేత్తో ఇచ్చింది. ఆంటీ మా వంటింట్లో కూర్చుని కషాయం తాగుతోంది.

"కుడిచెయ్యికేమైంది?"

"ఏం కాలేదాంటీ."

"ఏం కాని చెయ్యి లేవదేంది మరి?"

అక్క గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఆంటీ కషాయం చల్లారిపోయేదాకా గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.

తర్వాతి వేడుక నుంచి అన్న గ్లాసు ఆమె ఇంకెవరినీ కలపనివ్వలేదు. మొదటి గ్లాసు నిజాయితీగా పోసేది. రెండోది సగం. మూడోదాంట్లో వట్టి పండ్లరసం నింపి, చెంచా బోర్లా తిప్పి, దాని మీదుగా ఒక్క చెంచా మందు పైన తేలేలా జార్చేది. మొదటి గుక్కకు ఘాటు తగులుతుంది. అడుగున ఏమీ ఉండదు. ఆ తర్వాత ఎన్ని అడిగినా అదే.

"ముక్కు నమ్మినంక నాలుక అడగదు బిడ్డా," అని నాకూ నేర్పింది.

"ఇది మోసం కాదా ఆంటీ?"

"మోసమే. పోలీసుల కాడికి పోదాం రమ్మన్న, ఆమె రాదు. చిలకలగూడల వాళ్ళ అక్క ఇంటికి పొమ్మన్న, పోదు. ఆయన ఇంట్ల తాగేది ఆపుడు నాతోని కాదు. నా బల్ల కాడ నిలబడ్డంతసేపు మాత్రం నా ఇష్టం."

ఆ సాయంత్రాల్లో అక్క ఆడవాళ్ళ కుర్చీల్లో కూర్చుని మా వైపే చూసేది. పళ్ళెంలో అన్నీ ఉన్నా ముద్ద ముట్టేది కాదు. మూడో గ్లాసు ఇచ్చాక ఆంటీ కొంగుతో నుదురు తుడుచుకునేది. అది చూశాకే అక్క తినడం మొదలుపెట్టేది. చుట్టూ పాటలు, నవ్వులు, పిల్లల అరుపులు. నాకు మాత్రం ఆయన ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడే వినిపించేది. ఇంకా ఎన్నిసార్లు నమ్ముతాడు అనుకునేదాన్ని. ఆంటీ చెయ్యి మాత్రం ఎప్పుడూ వణకలేదు.

ఆమె పోయిన మూడో రోజున వాళ్ళ తమ్ముడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టి కాకి కోసం ఎదురుచూడటం మా దగ్గర ఆచారం. మాంసం, అన్నం, చిన్న గ్లాసులో రమ్ము పెట్టారు. కాకి గోడ మీద వాలింది, కిందికి దిగదు.

"ఉత్త రమ్ము ఆమె ఎన్నడు ముట్టిందని? పండు లేంది రాదు," అన్నారు సెక్రటరీ అంకుల్. ఎవరో పరుగెత్తి ఒక నిమ్మబద్ద తెచ్చి గ్లాసులో వేశారు. కాకి దిగింది. అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

ఆ నవ్వులోనే అంకుల్ మరో మాట అన్నారు. "ఆంటీ మనల్ని ఉగ్గుగిన్నెతోని సతాయించింది. ఈసారి బోనాలకు ఆమె యాదిల సీసాలన్నీ బల్ల మీద పెట్టేద్దాం. ఎవరికి వాళ్ళం పోసుకుందాం. ఆమె సుత పైనుంచి చూసి నవ్వుకుంటది."

అందరూ సరేనన్నారు. ప్రేమతోనే అన్నారు. అక్క ఎక్కడ కూర్చుందో చూశాను. ఆమె కాకిని చూస్తోంది.

బోనాల ఆదివారం పొద్దుటి నుంచీ మబ్బు పట్టింది. సాయంత్రం వెలుతురు ఉండగానే పార్కులో సీసాలు వరసగా పెట్టారు. పండ్ల గిన్నె లేదు. నేను ఇంటి నుంచి పిసికిన నేరేడుపండ్ల రసం తీసుకెళ్ళి ఆ బల్ల వెనక నిలబడ్డాను.

"నువ్వు తినుపో బిడ్డా. ఇయ్యాల ఎవరిది వాళ్ళదే," అన్నారు సెక్రటరీ అంకుల్.

"నేను కలుపుతాను అంకుల్. ఆంటీ నేర్పింది."

మూలింటి అన్న అప్పుడే వచ్చాడు. "ఓహో, నీకు మాటలు సుత వస్తయా!" అని నవ్వాడు. "కలుపు మరి, చూద్దాం."

మొదటిది నిజాయితీగా పోశాను. రెండోది సగం. మూడోదానికి చెంచా బోర్లా తిప్పాను. మందు పైనే తేలింది. ఆయన ఒక గుక్క తాగాడు. ఆగి గ్లాసులోకి చూశాడు. తర్వాత బల్ల మీదుగా వంగి, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు.

"ఆంటీ సుత మూడోది గిట్లనే ఇచ్చేది."

నేను చెంచా పట్టుకుని ఆయన్నే చూశాను.

"ఏందట్ల చూస్తున్నవ్? నాకు మొదటిసారే ఎరుకైంది. పెద్దామె, తల్లి అసొంటిది. కండ్లల్లకు చూసుకుంట ఇస్తుండె. ఆమె ముందల ఏమంట? తాగిన, ఇంటికి పోయి పండుకున్న." గ్లాసులోది గడ్డి మీద పారబోశాడు. "నువ్వెవరు?"

సీసా తీసుకుని తనే పోసుకున్నాడు. అంచుదాకా.

అన్నేళ్ళూ ఆయన్ను ఆపింది ఆ చెంచా కాదు. బల్ల అవతల ఆమె నిలబడి ఉండటం. ఆమెకు ఆ సంగతి తెలుసో తెలియదో నాకు తెలియదు. తెలిసే ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది. చెంచా తిప్పుతున్నప్పుడు ఆమె ఒక్కసారి కూడా గ్లాసు వైపు చూసేది కాదు.

కుర్చీల వైపు తల ఎత్తాను. అక్క చూస్తోంది. నుదురు తుడుచుకుని ఆమెకు సైగ చేయడానికి ఏమీ లేదు. పారబోయడం ఆమె చూసింది, సీసా చూసింది. తినని పళ్ళెం కింద పెట్టి లేచి, గడ్డి మీదుగా నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది.

"నేను పోతున్న," అంది ఆయనతో.

"అప్పుడేనా? తాళంచెవి నా దగ్గరుంది."

"ఇంటికి కాదు."

ఆయన నవ్వాడు. "మరి యాడికి?"

అక్క గేటు వైపు తిరిగింది. నేను బల్ల వెనక నుంచి బయటికి వచ్చి ఆమె పక్కన నడిచాను. గేటు బయటికి వచ్చాం. చినుకులు మొదలయ్యాయి. చిలకలగూడలో వాళ్ళ అక్క ఇంటికి ఫోన్‌లో ఆటో బుక్ చేశాను. పెద్దరోడ్డు మీద బోనాల ఊరేగింపు డప్పులు దగ్గరవుతున్నాయి. ఆటో ఆ జనాన్ని దాటి వచ్చేదాకా ఆమె నా మణికట్టు వదల్లేదు. కుడిచేత్తో పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

అక్కను ఎక్కించుకున్న ఆటో మలుపు తిరిగాక నేను గేటు వైపు తిరిగి చూశాను. అన్న గేటు లోపల నిలబడి ఉన్నాడు. వాన పెద్దదయింది. జనమంతా టెంటు కిందికి పరుగెత్తారు. ఆయన కదల్లేదు. చేతిలో గ్లాసు అలాగే ఉంది, ఇంకా ముట్టలేదు. అందులోకి వాన పడుతోంది. అంచు దాటి, వేళ్ళ మీదుగా కారుతోంది. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు.