గుంటలో తంగేడు కొమ్మ

మొన్న డిసెంబరులో ఒక ఉదయం ములకలపల్లి దాటి ఖమ్మం వైపు వస్తుంటే, మూలమలుపు దగ్గర కారు ఎడమ ముందు చక్రం దభీమని గుంటలో పడింది. పై పళ్లూ కింది పళ్లూ ఠక్కున తగిలాయి. ఆ వెంటనే వెనక చక్రం కూడా పడింది. కిటికీ అద్దం దించగానే, చిన్నప్పుడు చెకుముకి రాళ్లు కొట్టినప్పుడు వచ్చే వాసన ముక్కుకు తగిలింది. రిమ్ము రాయిని గీరిందన్నమాట. మంచు ఇంకా విడలేదు. కారు పక్కకు ఆపి, దిగి, వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టాను.

"టైరు ఇక్కడుంటే అటెటు పోతున్నరు?" అంది నా భార్య. ఆమె కంటి పరీక్షకే బయలుదేరాం. దవాఖానాకు ఆలస్యమవుతుందని ఆమె గాబరా.

 రోడ్డు పక్కన పూసి ఉన్న తంగేడు పొదలోంచి ఒక కొమ్మ విరిచాను. విరిచాక గాని తెలియలేదు, నేను చేస్తున్నది గౌస్ సాబ్ పని అని. ఆ తరువాత కళ్లెత్తి చూస్తే, నిలబడింది కూడా ఆయన గుంట దగ్గరే.

గౌస్ సాబ్ రోడ్ల శాఖలో డిప్యూటీ ఇంజనీరు. నేను ఆయన కింద వర్క్ ఇన్‌స్పెక్టరును. ఆయన ఖమ్మంలో పుట్టి పెరిగిన మనిషి. ఆయన తండ్రి దుమ్ముగూడెం రోడ్డుకు కంకర కొట్టిన కూలీ. ఆ తండ్రి కొడుకుగా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కుర్చీలో ఒక్కనాడైనా కూర్చుని ఇంటికి పోవాలని ఆయన కోరిక. దాన్ని దాచుకునేవారు కారు. "ఆ కుర్చీల కూసున్ననాడు ఫొటో దిగి అబ్బా సమాధి కాడికి తీస్కపోత" అని మా అందరి ముందే అనేవారు. రిటైర్మెంటు దగ్గర పడింది, ప్రమోషను జాబితాలో పేరూ వచ్చింది. మా ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే అది.

ఆయన పనితీరు మాత్రం ఎవరికీ అర్థమయ్యేది కాదు. వానలు వెళ్లి చలి ముదిరాక, గుంటలు పూడ్పించే ముందు, ఆయన ప్రతి రోడ్డూ తిరిగేవారు. ఆఫీసు జీపు ఉన్నా తన పాత చిన్న కారులోనే వెళ్లేవారు, తానే నడిపేవారు. పక్కన నేను, నా ఒడిలో డైరీ. మొదటిసారి వెళ్లినప్పుడు జరిగిన మాటలు నాకింకా గుర్తే.

"సార్, ముందర గుంట" అన్నాను.

"కనబడ్తుంది."

"కుడికి కొట్టండి సార్."

"కొట్టను. అందరు పడేదాంట్ల మనం పడకపోతే అదెట్ల ఉందో ఏమెరుక?"

"టేపు పెట్టి కొలుద్దాం సార్."

"టేపుకు నడుము నొయ్యదు డైరీ సాబ్" అన్నారు. అన్న వెంటనే పడ్డాం. నా టోపీ కారు కప్పుకు తగిలి ఒడిలో పడింది. ఆయన దిగి, టైరు వైపు చూడనైనా చూడకుండా, వెనక్కి నడిచి, తంగేడు కొమ్మ విరిచి గుంటలో నాటి, చుట్టూ రాళ్లు పేర్చారు. మా వైపు ఊళ్లలో ఎవరైనా చేసే పనే అది. గుంటలో కొమ్మ కనబడితే ఎంత పొగమంచులోనైనా బండి నడిపేవాడు తప్పుకుంటాడు. కాని పూడ్పించే అధికారం చేతిలో ఉన్న ఇంజనీరు కొమ్మ నాటడం నేను చూసింది అదే మొదటిసారి.

"ముందు మన టైరు చూసుకుందాం సార్."

"మన టైరు ఎటు పోతది? ఎనక వచ్చేటోడు ఆగుతడా?"

అది తనిఖీనా, మొండితనమా, తనకు తాను వేసుకున్న శిక్షా? ఆ సాయంత్రం మూడూ డైరీలో రాసి, మూడింటి పక్కనా ప్రశ్న గుర్తు పెట్టాను.

వంగిన రిమ్ములన్నీ కొత్తగూడెంలో యూసుఫ్ దుకాణానికి చేరేవి. యూసుఫ్, సాబ్ చిన్ననాటి స్నేహితులు. కారు కనబడగానే యూసుఫ్ లోపలి నుంచే కేకేసేవాడు: "ఆవో ఇంజనీర్ సాబ్! రోడ్లు ఏసేది నువ్వే, గిరాకీ తెచ్చేది నువ్వే. నువ్వు రిటైరైతే నా దుకాన్ బందే!" సాబ్ పడీ పడీ నవ్వేవారు. ఒకసారి టైరు పక్కన నిమ్మకాయంత బుగ్గ కనబడింది. ఆ టైరు గుంటలో పడి చాలా రోజులైంది, పడిననాడు దానికేమీ కాలేదని నేనే డైరీలో రాశాను. సాబ్ ఆ టైరును కోయించి నాకు లోపలి పొర చూపించారు. దారాలు తెగి చిక్కుపడి ఉన్నాయి.

"దెబ్బ తాకిననాడు నున్నగనే ఉంటది. లోపల దారం తెగితే గాలి మెల్లగ గక్కడ ఉబ్బుతది. గిట్ల బుగ్గొచ్చిన టైరు మీద ఊరు దాటొద్దు, ఎక్కడ పగుల్తదో తెలువదు. చలికాలంల ఇంకా జాగ్రత్త. పొద్దుగాల గాలి తగ్గి టైరు మెత్తబడ్తది, గుంట అంచు ఎండి కత్తి లెక్క ఉంటది. పైగా రోడ్డు పొడిగుందని జల్దీ పోతం."

నేను రాసుకుంటుంటే వంగి డైరీలోకి చూశారు. యూసుఫ్ ఎగతాళికి సాబ్ సిగ్గుపడ్డారని పై వరుసలో రాసి ఉంది.

"నేను సిగ్గుపడ్డనా?"

"అలా అనిపించింది సార్."

"నవ్విన. నీకు కనబడ్డది నవ్వు. నవ్వు రాయి. సిగ్గు సంగతి నాకే తెలువది నీకెట్ల తెలుస్తది?"

ఆ రోజు నుంచి నా డైరీలో కనబడినదే రాస్తూ వచ్చాను. అది నాకు మంచే చేసిందో, ఒక తలుపు మూసేసిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

జాబితాలో ఆయన పేరు వచ్చిన ఏడు, ముక్కోటికి భద్రాచలం వెళ్లే రోడ్లూ, వాటిలో కలిసే రోడ్లూ నున్నగా ఉండాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. మూలమలుపు దగ్గర పెద్ద గుంట ఉంది. మలుపు తిరగగానే ఆశ్రమ పాఠశాల గేటు. హాస్టలు రోడ్డుకు ఇవతల, బడి అవతల. అక్కడ స్పీడ్ బ్రేకరు కావాలని సాబ్ అంతకుముందే పైకి రాశారు, జవాబు రాలేదు. మేం గుంట చూడటానికి వెళ్తే, అంతకుముందు ఆయన నాటిన కొమ్మ లేదు. బడిలో వంట చేసే జోగమ్మ గేటు దగ్గరి నుంచి వచ్చింది.

"కొమ్మ నేనే పీకిన సారూ."

"ఎందుకమ్మా? బండ్లు ఆగమైతయి కదా."

"కొమ్మ జూసి ఇటు పక్కకు తిప్పుతుండ్రు. ఇటు పక్క మా పోరగాండ్లు నిలబడ్తరు. కొమ్మ లేకుంటె గుంటల పడి మెల్లగైతరు. మీ బండ్లకు ఇనుప కాళ్లు, మా పోరలకు కాదుగా!"

సాబ్ నవ్వలేదు. గుంట వైపు చూశారు, గేటు వైపు చూశారు. "పూడిస్తె బండ్లు ఇంక జోరుగ వస్తయి. పూడుస్తరా సారూ?" అని జోగమ్మ అడిగింది. ఆయన ఏమీ అనకుండా కారెక్కారు.  మరునాటి నుంచి పని మొదలైంది. ఆ రోడ్డు మీద గుంటలన్నీ పూడ్చారు, ఆ ఒక్కటి తప్ప. అక్కడికి వెళ్లిన కూలీలను ఆయనే వేరే పనికి పిలిచారని మేస్త్రీ అన్నాడు. వేరే పని నిజంగానే ఉంది, కల్వర్టు గోడ కూలింది.

ముక్కోటి ముందురోజు భద్రాచలం వెళ్తున్న మా పై అధికారి కారు అదే గుంటలో పడింది. రిమ్ము పగిలింది, కారు పక్కకు జరిగి మట్టిలో ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గాని, తగిలి ఉండేవేమో. విచారణ పెట్టారు. నన్ను లోపలికి పిలిచే ముందు సాబ్ వరండాలో నా భుజం మీద చెయ్యి వేశారు.

"చూసింది చెప్పు. నేనేమనుకున్ననో చెప్పకు. అది నీకు తెలువదు."

జోగమ్మ మాటలూ, సాబ్ మౌనమూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. "అంటే కావాలనే వదిలేశాడా?" అని అడిగారు. తెలియదన్నాను. అది నిజం. ఆ తరువాత సాబ్‌ను పిలిచారు. తలుపు తెరిచే ఉంది. ఆయన గొంతు నాకు వినబడింది.

"మర్చిపోయిన సార్."

ఆ మనిషి ఒక గుంటను మరిచిపోవడం!  నిర్లక్ష్యమని రాశారు. జాబితాలోంచి ఆయన పేరు పోయింది. గుంటను వెంటనే పూడ్చేశారు. సాబ్ డిప్యూటీగానే ఇంటికి వెళ్లారు. ఆ ఫొటో ఎన్నడూ దిగలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. గుంట పూడ్చాక అక్కడ ఏ పిల్లవాడికీ ఏమీ కాలేదు. నేను ఆ రోడ్డు మీద పనిచేసినన్నాళ్లూ కనుక్కుంటూనే ఉన్నాను. మరి ఆ కుర్చీ దేనికోసం పోయినట్టు? జోగమ్మ భయం ఉత్తదా? లేక ఆ భయంతోనే ఆమె రోజూ గేటు దగ్గర నిలబడి పిల్లలను దాటించిందా? ఎటు ఆలోచించినా ఇంకో వైపు బరువు తూగుతుంది.

చాలాకాలం తరువాత ఖమ్మంలో వాళ్లింటికి వెళ్లాను. అప్పటికే మంచం పట్టారు. ఇంక ఎప్పుడు అడుగుతానని అడిగేశాను.

"సార్, ఇప్పుడన్నా చెప్పండి. ఆ గుంట మరిచిపోయారా, వదిలేశారా?"

"నువ్వేమనుకుంటున్నవ్?"

"నాకు తెలియడం లేదు."

"నాక్కూడ గట్లనే ఉంది డైరీ సాబ్. ఒక్కోపాలి నిజంగనే మర్చిపోయిన్నేమో అనిపిస్తది. ఒక్కోపాలి కాదనిపిస్తది." పక్కనున్న ఛాయ్ గ్లాసు నా వైపు జరిపారు. "గని అబ్బా కాడికి ఒట్టి చేతులతోని పోవుడైతది. అదొక్కటే మనసుల ఉంటది. ఛాయ్ తాగు, చల్లారుతుంది."

అదే ఆయనను చివరిసారి చూడటం.

ఇప్పుడు మళ్లీ అదే చోట, అదే గుంట. లారీల బరువుకు పాత పూత లేచిపోయి, అంచులు ఎండి కత్తుల్లా ఉన్నాయి. నా చేతిలో కొమ్మ. హాస్టలు లోంచి పిల్లలు స్వెట్టర్లతో బారుగా వస్తున్నారు. వాళ్ల ముందు నడుస్తున్న ఆవిడ జోగమ్మ కాదు, వయసులో చిన్నది. ఒక ఆటో మలుపు తిరిగి, గుంటలో పడి, మూలిగి, మెల్లగా పోయింది. పిల్లలు దాటారు. కొమ్మ నాటితే తరువాతి బండి గేటు వైపు తిరుగుతుంది. నాటకపోతే ఇంకెవరి రిమ్మో పోతుంది, బండి నడిపేవాడి నడుమూ పోవచ్చు. ఫోన్లో ఫిర్యాదు పెడదామని తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. పూడిస్తే మంచిదేనా?

"పెట్టొస్తరా, తెచ్చుకుంటరా? ఏదో ఒకటి చెయ్యున్రి, చలికి సచ్చిపోతున్న!" అని భార్య అరిచింది.

తెచ్చుకున్నాను. ముందు చక్రం రిమ్ము వంగి గాలి పోతోంది. జాకీ పెట్టి స్టెపినీ వేసుకుని నెమ్మదిగా ఖమ్మం చేరాం. వెనక టైరుకు ఏమీ కాలేదనుకున్నాను. ఈ ఉదయం చెయ్యి పెట్టి తడిమితే, దాని పక్కన ఒక చిన్న బుగ్గ తగిలింది.

ఆ రోజు డైరీలో మూడు మాటలే రాశాను. గుంట ఉంది. పిల్లలు దాటారు. కొమ్మ డిక్కీలో ఉంది.

పూలు రాలిపోయాయి. ఆ కొమ్మ ఎప్పుడు పారేస్తారని భార్య అడుగుతూనే ఉంది.